మిద్దె మీద ఎండ, పెరట్లో పేడ

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పక్క ఎండకు కొదవ లేదు, కొదవంతా వానకే. అందుకే మిద్దె మీద సోలార్ పెట్టించుకుందామా అని మన మిల్లు కుటుంబాల్లో చాలామంది అడుగుతా ఉన్నారు. లెక్క చూసుకొని దిగితే మంచిది.

ఒక కిలోవాటుకు నూరు చదరపు అడుగుల చోటు కావాలి, నీడ పడకూడదు. రోజుకు సుమారు 4 యూనిట్ల కరెంటు వస్తుంది. మన దేశంలో కరెంటు ఎక్కువగా బొగ్గు కాల్చి చేసేదే. యూనిట్‌కు ముప్పావు కిలో దాకా కార్బన్ గాల్లో కలుస్తుంది. ఆ లెక్కన ఒక కిలోవాటు ఏడాదికి ఒక టన్ను దాకా ఆపుతుంది.

సోలార్ పలకకు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. పలక వేడెక్కితే కరెంటు తగ్గుతుంది. అందుకే మిద్దెకు ఆనించకుండా, కింద గాలి ఆడేట్టు బిగించాలి. ఆ నీడకు కింది గది కూడా కాస్త చల్లబడుతుంది. దుమ్ము పడితే పొద్దున్నే నీళ్లతో కడగాలి. ఇంకో మాట, బ్యాటరీ లేని సోలార్, లైన్లో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది.

2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాటుకు 30,000, రెండుకు 60,000, మూడు, ఆపైన 78,000 రూపాయలు సబ్సిడీ ఉంది. మిగతాది మన చేతిదే. 2023 నుంచి గృహజ్యోతి వల్ల 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లు చాలావాటికి బిల్లే రాదు. బిల్లు లేని ఇల్లు అప్పు చేసి సోలార్ పెడితే ఆ అప్పు తీరేదెట్లా? అట్లని బిల్లు రాకపోతే బొగ్గు కాలేది ఆగదు కదా.

దీనికి ఒక దారి బాగేపల్లి కూలీలు ముందే చూపించినారు. 5,500 ఇళ్లకు గోబర్ గ్యాస్ కట్టే బాగేపల్లి కూలీ సంఘం పథకం 2005లో ఐక్యరాజ్యసమితి దగ్గర నమోదైంది. కట్టెలు, కిరసనాయిలు మానితే ఇంటికి ఏడాదికి మూడు టన్నులకు పైగా కార్బన్ తగ్గుతుందని లెక్క కట్టినారు. ఆ తగ్గుదలను విదేశాలవాళ్లు డబ్బిచ్చి కొన్నారు. ఆ డబ్బు గోబర్ గ్యాస్ కట్టేదానికి పనికొచ్చింది. వంట చేసే ఆడవాళ్ల కళ్లకు పొగ తప్పింది.

కాబట్టి పశువులుండి కట్టెల పొయ్యి మీద వండే ఇంటికి ముందు గోబర్ గ్యాస్. చిన్న ఇంటికి ముందు ఫ్యాన్లు. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. ఏసీ, మోటారు పెట్టుకొని 200 యూనిట్లు దాటే ఇంటికి ముందు సోలార్. పక్కింటివాళ్లు పెట్టినారని కాదు, మన మీటరు చూసుకొని పెట్టుకుందాం.