మగ్గం మీద నేసే పరీక్ష పట్టీ

తిరువళ్ళూరు జిల్లా తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతాల్లో మన తెలుగు కుటుంబాలు ఎన్నో మగ్గాన్ని నమ్ముకుని పిల్లలను చదివించుకున్నాయి. చదువు వేరు, మగ్గం వేరు అని మనం అనుకుంటాం. ఆ రెండూ కలిసిన ఒక పరిశోధనను విద్యార్థులు తెలుసుకోవాలి.

బెంగళూరులోని అచిరా ల్యాబ్స్‌కు చెందిన ధనంజయ దెందుకూరి బృందం పట్టు దారాలతో నేసిన వైద్య పరీక్ష పట్టీల గురించి 2011లో పరిశోధన పత్రం ప్రచురించింది. 2015లో గ్లూకోజ్, హిమోగ్లోబిన్‌లను కొలిచే పట్టీలను వివరించింది. నూలుకు గంజి పట్టించినట్టు పట్టు దారానికి విద్యుత్తును ప్రసరింపజేసే సిరాను, రసాయనాలను పట్టించి, చేతిమగ్గం మీద నేసి, ముక్కలుగా కత్తిరించారు.

దారమే ఎందుకు? దీపం వత్తి నూనెను లాగినట్టు దారం ద్రవాన్ని తానే లాగుకుంటుంది, పంపు అక్కరలేదు. ఒకే నేతలో ఎన్నో పట్టీలు వస్తాయి కనుక ఖర్చు తగ్గుతుంది.

ఇదే పద్ధతిని వంటనూనెకు అన్వయించవచ్చు. నూనెను మళ్ళీ మళ్ళీ కాచినప్పుడు, తేమ తగిలి దాని అణువుల నుంచి కొవ్వు ఆమ్లాలు విడిపోతాయి. అవి పెరిగితే నూనె త్వరగా పొగలు కక్కుతుంది, వాసన మారుతుంది. వాటిని ఎంజైమ్‌లతో గుర్తించవచ్చు. మొదటి ఎంజైమ్ కొవ్వు ఆమ్లాన్ని కోఎంజైమ్-ఎ అనే పదార్థంతో కలుపుతుంది. రెండవది దానిని ఆక్సీకరణం చేయగా హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. మూడవది ఆ పెరాక్సైడ్‌తో రంగు తెప్పిస్తుంది. రంగు ముదిరితే ఆమ్లం ఎక్కువని అర్థం. ప్రయోగశాలలో రక్తపు కొవ్వు ఆమ్లాలను కొలిచేది ఈ విధంగానే.

వాడిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వంటకు వాడరాదన్న నిబంధన 2018 జూలై 1 నుంచి అమలులో ఉంది. కొవ్వు ఆమ్లాలు ఆ పదార్థాలలో ఒక భాగం మాత్రమే. అయినా బజ్జీల అంగడిలోనే వాడగల చవక పట్టీ ఉంటే ఎంత మేలో ఆలోచించండి.

చిక్కులు లేకపోలేదు. ఎంజైమ్‌లకు నీరు కావాలి, నూనె నీటిలో కలవదు. మన ఎండలకు ఎంజైమ్‌లు చెడిపోతాయి. వాటి ధర కూడా ఎక్కువే. ఈ చిక్కులు విప్పడానికి రసాయనంతో పాటు దారం గుణం తెలిసినవారు కావాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. సేలం, వెంకటగిరి చేనేత సాంకేతిక సంస్థల్లో డిప్లొమా చదువులున్నాయి. చెన్నై అన్నా విశ్వవిద్యాలయంలో టెక్స్‌టైల్ టెక్నాలజీ, బయోటెక్నాలజీ రెండూ ఉన్నాయి. పడుగు, పేకల మధ్య పెరిగిన పిల్లలకు ఆ అనుభవం వెనుకబాటు కాదు, అది పెట్టుబడి. కోర్సు ఎంచుకునే ముందు ఈ దారి కూడా ఉందని వారితో చెప్పండి.