అమ్మ జపమాల

మా అమ్మ కథోలికురాలు. నాన్నగారిది బాప్తిస్టు కుటుంబము. 1878 జూలై 3న, క్లౌ దొరగారి కాలమందు, వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతిని మా ఇంట గొప్పగా చెప్పుకొనేవారు.

నాన్నగారు మార్కాపురం పలకల క్వారీలో పనిచేసేవారు. తెల్లవారకముందే ఆయనకు సద్ది కట్టి, అమ్మ ఒక మూల జపమాల పట్టుకొని కూర్చొనేది. "ఆ పూసలు లెక్కపెడితే దేవుడు వింటాడా?" అని మేము ఎగతాళి చేసేవాళ్లము. అమ్మ వాదించేది కాదు. ఆదివారం మా తలలు దువ్వి, కానుక చిల్లర చేతిలో పెట్టి, మా గుడికే పంపేది.

రాతిదుమ్ముతో ఊపిరి చెడి నాన్నగారు మంచాన పడిన రాత్రులలో మేము నిద్రపోయాము. అమ్మ మోకాళ్ల మీదే ఉంది.

అమ్మ ప్రభువునందు నిద్రించిన తరువాత పిన్నమ్మ చెప్పింది: "జపమాలలో పదేసి పూసలు ఐదు వరుసలు. మీరు ఐదుగురు. ఒక్కో పదీ ఒక్కో బిడ్డకని మీ అమ్మ చెప్పేది." మేము తలలు వంచుకొన్నాము.

తిమోతి విశ్వాసము మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉన్నదని పౌలు గుర్తుచేశాడు. ప్రియులారా, మీ ఇంట మౌనంగా ప్రార్థించే తల్లి ఉందా? ఆమె తీరు వేరైనా నవ్వకండి. ఈ రాత్రే ఆమె ప్రక్కన మోకరించండి.