మాయమయ్యే మనిషి

'మాయాబజార్' చిత్రాన్ని మీలో చాలామంది చూచే ఉంటారు. 1957లో వచ్చిన ఆ చిత్రంలో లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుని నోటిలో పడతాయి. అది మంత్రం కాదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ కెమెరాతో చేసిన మాయ. అటువంటి మాయనొకదానిని మీరూ చేయవచ్చు.

1966లో అమెరికా టెలివిజన్‌లో 'స్టార్ ట్రెక్' అనే ధారావాహిక మొదలైంది. అందులో వ్యోమగాములు నౌకలో నిలబడి, మెరుపులుగా మారి మాయమవుతారు. వెంటనే వేరొక గ్రహం మీద ప్రత్యక్షమవుతారు. ప్రతి వారం పెద్ద నౌక నేలకు దిగినట్లు చూపాలంటే ఎంతో ఖర్చు. ఆ ఖర్చు తప్పించడానికే ఈ ఉపాయం పుట్టింది. నల్లని తెర ముందు అల్యూమినియం పొడి రాల్చి, దానిపై గట్టి వెలుగు వేసి, కెమెరాను తలక్రిందులుగా ఉంచి చిత్రించారు. రాలే పొడి పైకి లేచే మెరుపులవలె కనిపించింది.

నేడు ఈ పనిని కంప్యూటర్‌లో చేయవచ్చు. 'బ్లెండర్' అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. చిత్రాలను పొరలు పొరలుగా పేర్చి ఒకటిగా చేయడం కూడా దీనితో వీలవుతుంది. ఇందుకు మూడు దృశ్యాలు కావాలి:

1. గదిలో మీ స్నేహితుడు నిలబడిన దృశ్యం.
2. అతడు తప్పుకొన్న తరువాత అదే గది.
3. నల్లని గుడ్డ ముందు రాలే మెరుపుల పొడి. (పొడి కంట్లో పడకుండా జాగ్రత్త!)

మొదటి రెండు దృశ్యాలకు మధ్య కెమెరా వెంట్రుకవాసి కూడా కదలరాదు. వెలుగు మారరాదు. బగాన్ డాటుక్ కొబ్బరి తోటలో తీశారనుకోండి. గాలికి మట్టలు ఊగి గుట్టు బయటపడుతుంది. కాబట్టి గదిలో తీయడమే మేలు.

సెకనుకు 25 చిత్రాల చొప్పున 3 సెకన్లకు 75 చిత్రాలు. ఒక్కొక్క చిత్రానికి మొదటి పొరను కొంచెం కొంచెంగా తగ్గించి, రెండవ పొరను అంతే పెంచాలి. 25వ చిత్రంలో స్నేహితుడు మూడింట రెండు వంతులు కనిపిస్తాడు. 50వ చిత్రంలో ఒక వంతే. 75వ చిత్రంలో ఉండడు. గది రెండు పొరలలోనూ ఒకటే కనుక అది మారినట్లు తోచదు.

తరువాత మెరుపుల పొరను కలపాలి. కంప్యూటర్‌కు రంగులన్నీ అంకెలే. నలుపు విలువ 0. సున్నను దేనికి కలిపినా అది మారదు కదా! అందువలన నల్లని గుడ్డ కనిపించదు, మెరుపులు మాత్రమే మిగులుతాయి. అవి స్నేహితుని ఆకారం దాటకుండా చుట్టూ గీత గీసి హద్దు పెట్టాలి.

ఒక మాట మరువకండి. ఉన్న మనిషిని మాయం చేసే ఈ విద్యతోనే, లేని మనిషిని ఉన్నట్లు చూపి నింద వేయవచ్చు. ఎవరినైనా తప్పుపట్టే చిత్రం మీ చేతికి వస్తే తొందరపడి నలుగురికీ పంపకండి. నీడ ఉన్నదా? వెలుగు అందరిపైనా ఒకే వైపు నుండి పడుతున్నదా? అంచులు సరిగా ఉన్నాయా? పరిశీలించండి, పెద్దలను అడగండి. మాయ చేయడం తెలిసినవారికి మాయను పట్టడం కూడా తెలియాలి.

ప్రశ్నలు
1. 'స్టార్ ట్రెక్'లో మనుషులను మాయం చేసే ఉపాయం ఎందుకు పుట్టింది?
2. నల్లని గుడ్డ చివరి దృశ్యంలో ఎందుకు కనిపించదు?
3. 2 సెకన్లలో మనిషి మాయం కావాలంటే ఎన్ని చిత్రాలు కావాలి?