పాత అంబాసిడర్‌తో కొత్త పని

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ముచ్చటపడి దాచుకున్నవాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు. ఆ కారుకి కొత్త స్టీరియో, మీటర్లు బిగించాలంటే చేయి తిరిగిన ఆటో ఎలక్ట్రీషియనే కావాలి. పొన్నూరులో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నారా? ఈ పనిపైనా ఓ కన్నేయండి.

ముందు బ్యాటరీ ఏ కొసని బాడీకి కలిపారో చూడాలి. కొన్ని పాత కార్లలో ప్లస్సే ఎర్త్. నేటి స్టీరియోని అలాగే కలిపితే కాలిపోతుంది. సాధారణంగా పసుపు వైరు నేరుగా బ్యాటరీకి, ఎరుపు తాళం తిప్పితేనే కరెంటొచ్చే చోటుకి, నలుపు ఎర్త్‌కి. పసుపు వైరుకి బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేయాలి. లేదంటే షార్టయిన రోజు వైరింగ్ తగలబడుతుంది. మీటరుకి సరిపడే సెన్సరు పెట్టకపోతే సూది తప్పు చూపిస్తుంది.

డిగ్రీ చదువుతున్నా మల్టీమీటర్ పట్టడం నేర్చుకోండి. వైరు రంగుని నమ్మి వదిలేయకుండా, కొలిచి చూసేవాడికే ఓనరు ధైర్యంగా తాళాలిస్తాడు.