నకలు వెనక ఐదు తేదీలు

‘పోలీసు స్టేషన్‌లో ఉన్న కాగితం, కోర్టులో ఉన్న కాగితం మామూలు మనిషి ఎలా తెచ్చుకోవాలి? తణుకు చూసి రాయండి. గురువారం రాత్రికి పేజీలు వెళ్లిపోవాలి’ అన్నారు ఎడిటర్. ఆయన మనసులో ఉన్నదేమిటో తెలుసు. దరఖాస్తు ఎక్కడ, రుసుమెంత, గడువెన్నాళ్లు అని ఓ పట్టిక, పక్కన కళ్లకు గంతలు కట్టుకున్న న్యాయదేవత బొమ్మ. ఆ సరంజామా కింద పెట్టెల్లో సర్దాను. కథనం మాత్రం ఒక రబ్బరు ముద్ర దగ్గర ఆగిపోయింది. కచేరీ ముద్రలంటే నాకు మొదట్నుంచీ మోజు. ‘అంతా ఆన్‌లైన్‌లో ఉందండీ’ అనే మాటంటే కొంచెం అనుమానం. ఈ రెండూ ముందే చెప్పేస్తే చదివేవాళ్ల లెక్క వాళ్లు వేసుకుంటారు.

నా ముందున్నది గట్టు తగాదాలో వచ్చిన తీర్పు సర్టిఫైడ్ కాపీ. చేను గట్టు, బోదె నీళ్లు, అన్నదమ్ముల పంపకం, ప్రోనోటు... డెల్టాలో ఇలాంటి దావా లేని ఊరు వెతుక్కోవాలి. ఇచ్చినాయన పేరూ ఊరూ రాయను. తేదీలు కూడా మార్చాను. ప్రతి పేజీ మీదా కోర్టువారి గుండ్రటి ముద్ర ఉంది. ఆఖరి పేజీ తిప్పితే వెనక ఊదారంగు ఇంకులో, కాస్త వంకరగా పడిన పలకల ముద్ర. పైన సి.ఎ. నంబరు, అంటే కాపీ అప్లికేషన్ నంబరు. కింద ఐదు వరసలు: దరఖాస్తు వేసిన తేదీ, చార్జీలు అడిగిన తేదీ, చార్జీలు కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, నకలు ఇచ్చిన తేదీ. అక్షరాలు రబ్బరువి, అంకెలు చేతిరాతవి. మొదటి నాలుగూ నీలం సిరా. ఐదోది నల్ల సిరా, వేరే చెయ్యి.

ఈ ఐదింటిలో ఎవరి నిర్లక్ష్యం ఎంతో పట్టేసుకోవచ్చు. తీర్పు జూన్ 10న వచ్చిందనుకోండి. దరఖాస్తు జూన్ 20న పడింది. ఆ పది రోజులూ కక్షిదారువే. ‘అప్పీలుకెళ్దామా, వద్దా’ అని ఇంట్లో అందరినీ అడిగే రోజులవి. చార్జీలు ఎంతయ్యాయో లెక్కకట్టి 27న నోటీసు బోర్డులో పెట్టారు. ఆ జాబితా ఇంటికి రాదు, ఎవరో ఒకరు వెళ్లి బోర్డు చూసుకోవాలి. గడువులో కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. మనాయన జులై 1న కట్టాడు. 8న నకలు సిద్ధమైంది. చేతికి తీసుకున్నది 25న. ఊడ్పుల రోజులు. చేలో మనుషుల్ని పెట్టుకుని కోర్టుకెవరెళ్తారు?

ఇప్పుడు లిమిటేషన్ చట్టం వస్తుంది. 1963 నాటిది. కింది కోర్టు తీర్పు మీద జిల్లా కోర్టుకు అప్పీలు వెయ్యాలంటే 30 రోజులు, హైకోర్టుకైతే 90. నకలు తయారుకావడానికి పట్టిన కాలాన్ని ఈ లెక్కలోంచి తీసెయ్యమంటుంది అదే చట్టంలోని 12వ సెక్షన్. చాలామంది దీన్ని ‘నకలు చేతికొచ్చిన రోజు నుంచి నెల’ అనుకుంటారు. కాదు. తీసేసేది దరఖాస్తు వేసిన రోజు నుంచి నకలు సిద్ధమైన రోజు దాకా మాత్రమే. జూన్ 20 నుంచి జులై 8 దాకా 19 రోజులు. తీర్పు మర్నాటి నుంచి లెక్కపెడితే 30 రోజుల గడువు జులై 10తో తీరాలి. 19 కలిపితే జులై 29. నకలు 25న తీసుకున్నాయన చేతిలో మిగిలింది నాలుగే రోజులు. ‘సిద్ధం’ అని రాసిన వరసకీ ‘ఇచ్చాం’ అని రాసిన వరసకీ మధ్య ఉన్న పదిహేడు రోజులు ఎవరూ తిరిగివ్వరు. ఆలస్యానికి క్షమాపణ అడుగుతూ పిటిషన్ వేసుకోవచ్చు. అది మన్నిస్తారా లేదా అనేది వేరే వాదన, వేరే ఫీజు.

ఎకరం భూమి మీద హక్కు, కొన్నిసార్లు, అరంగుళం వెడల్పు ముద్రలో ఓ అంకెను ఆనుకుని ఉంటుంది. కోర్టు వరండాలో ఈ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు ప్లీడరు గారి గుమాస్తా. ఏ కాగితం కాపీయిస్టు దగ్గరుంది, ఏది సంతకానికి వెళ్లింది, బోర్డులో పేరు పడిందా లేదా అన్నది ఆయన చూసుకోకపోతే వకీలు గారి ఇంగ్లిషు ఎంత బావున్నా అప్పీలు గడువు దాటిపోతుంది. ఆయన మీద ఎవరూ ముఖచిత్ర కథనం రాయరు. నకలు కోసం కోర్టుకెళ్లినాయన మొదట మాట్లాడాల్సింది మాత్రం ఆయనతోనే.

నంబరేది?

కౌంటరులో మొదటి ప్రశ్న ఇదే. పేరు కాదు, ఊరు కాదు. ఓ.ఎస్. అంటే అసలు దావా, ఇ.పి. అంటే డిక్రీ అమలు, సి.సి. అంటే మేజిస్ట్రేటు కోర్టులో క్రిమినల్ కేసు, ఎస్.సి. అంటే సెషన్స్, ఎం.వి.ఓ.పి. అంటే వాహన ప్రమాద పరిహారం. రకం, అంకె, సంవత్సరం మూడూ ఉంటే ఫైలు దొరుకుతుంది. తణుకు ప్రాంగణంలో జూనియర్ సివిల్ జడ్జి నుంచి అదనపు జిల్లా జడ్జి దాకా కోర్టులున్నాయి. ఏ కోర్టు అన్నది తప్పితే నంబరున్నా లాభం లేదు.

నంబరు తెలియనివాళ్లకు ఈ-కోర్ట్స్ వెబ్‌సైటు ఉంది. నా అనుమానం అక్కడే మొదలవుతుంది. పేరుతో వెతకొచ్చు, కనీసం మూడక్షరాలు, సంవత్సరం ఇవ్వాలి. ఇంగ్లిషులో. గోదావరి జిల్లాల్లో ‘సత్యనారాయణ’ అని కొట్టి చూడండి. అన్నవరం దేవుడి పేరు పెట్టుకున్న కక్షిదారులు బారులు తీరతారు. అదీ ‘టి’ తర్వాత ‘హెచ్’ పెట్టారా లేదా, ‘వై’ రాశారా ‘ఐ’ రాశారా అన్నది ఆనాడు టైపు చేసినవారి ఇష్టం. ఇంటిపేరు పొట్టి అక్షరమో పూర్తి పేరో దైవాధీనం. ఇవన్నీ దాటి కేసు పట్టుకున్నాక తెర మీద తీర్పు కనిపించినా అది చదువుకోవడానికే. అప్పీలుకు ఊదారంగు ముద్ర కావాల్సిందే.

అయినా ఆ సైటులో ఒక కిటికీని మాత్రం మెచ్చుకోవాలి. పోలీసు స్టేషను, ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం ఇస్తే ఆ కేసు కోర్టులో ఏ నంబరు కింద నడుస్తోందో చూపిస్తుంది. ఇది పెద్ద ఉపకారం, ఎందుకంటే క్రిమినల్ కేసుకు దారిపొడవునా నంబరు మారిపోతుంది. స్టేషన్‌లో క్రైమ్ నంబరు, చార్జిషీటు పడ్డాక సి.సి., సెషన్స్‌కు వెళ్లేదైతే ముందు పి.ఆర్.సి., తర్వాత ఎస్.సి. ప్రతి కేసుకీ పదహారు అక్షరాలూ అంకెల సి.ఎన్.ఆర్. నంబరొకటి ఉంటుంది. దాన్ని ఫోనులో రాసి పెట్టుకున్నవాడికి సత్యనారాయణల బాధ లేదు.

స్టేషన్‌లో లేదంటే

జాతీయ రహదారి 16 తణుకు మీదుగా పోతుంది. అందువల్ల ఇక్కడ ఎఫ్‌ఐఆర్ కాపీ అనగానే చాలా ఇళ్లలో గుర్తొచ్చేది రోడ్డు ప్రమాదం. ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్ట్‌మార్టం నివేదిక, వాహన తనిఖీ అధికారి నివేదిక, చార్జిషీటు... పరిహారం అడగాలంటే ఇవన్నీ కావాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే క్లెయిము వెయ్యాలన్న షరతు చట్టంలో చేరింది. పెద్దకర్మ అయ్యాక చూద్దాంలే అనుకునే కుటుంబాలు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే.

ఫిర్యాదు ఇచ్చినవారికి, బాధితులకు ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. పాత సీఆర్‌పీసీ 154వ సెక్షన్ ఫిర్యాదుదారుకే ఇచ్చిన ఈ హక్కును, 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ బాధితులకూ కలిపింది. అడుక్కోవాల్సింది కాదు. నిందితుడి సంగతి 2016 సెప్టెంబరులో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: స్టేషన్‌లో దరఖాస్తు ఇస్తే 24 గంటల్లో నకలివ్వాలి, ఎఫ్‌ఐఆర్ నమోదైన 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలి. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు.

స్టేషన్ రైటరు ‘సీఐ గారు లేరు, రేపు రండి’ అన్నారనుకోండి. రేపు కూడా అదే మాట అయితే, ఎదురుచూడకుండా కోర్టు వైపు నడవండి. ఎఫ్‌ఐఆర్ స్టేషన్‌లో ఒక్కచోటే ఉండే కాగితం కాదు, మేజిస్ట్రేటుకు తప్పక పంపాలి. అక్కడ నకలు దరఖాస్తు వేసుకోవచ్చు. నిందితుడి తరఫున అడిగితే రెండు పనిదినాల్లో ఇవ్వాలని అదే తీర్పు చెప్పింది. స్టేషన్ గడపలో చెప్పులరిగిన ఎంతమందికి ఈ రెండో గుమ్మం సంగతి తెలుసు? నా అంచనాలో చాలా కొద్దిమందికి.

చార్జిషీటు దగ్గరికొచ్చేసరికి కథ మారిపోతుంది. నిందితుడికి ఉచితంగా ఇస్తారు. బీఎన్‌ఎస్‌ఎస్ 230వ సెక్షన్ దీనికి పద్నాలుగు రోజుల గడువు పెట్టింది, వకీలును పెట్టుకున్న బాధితులకూ ఆ హక్కు కలిపింది. మూడోవాడికి? 2023 జనవరిలో సౌరవ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు, చార్జిషీటు ఎఫ్‌ఐఆర్‌లాంటి బహిరంగ పత్రం కాదంది, వెబ్‌సైటులో పెట్టమనలేమంది. నిందితుల, బాధితుల పరువు సంగతి కోర్టు ఆలోచించింది, ఒప్పుకుంటాను. కానీ ఆరోపణ మొదలైన కాగితం ఊరంతా చదవొచ్చు, దర్యాప్తులో తేలిందేమిటో చెప్పే కాగితం చదవకూడదు అనేసరికి, ఎఫ్‌ఐఆర్‌లో పేరెక్కి చార్జిషీటులో పేరు తొలగినవాడి గతేమిటన్న ప్రశ్న మిగిలిపోతుంది. వాడికి మొదటి కాగితమే ఎప్పటికీ అంటుకుని ఉంటుంది.

చరిత్ర, గబగబా

తణుకు తాలూకా 1859 నుంచి గోదావరి జిల్లాలో, 1904 నుంచి కృష్ణా జిల్లాలో, 1925 నుంచి ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరిలో, 2022 ఏప్రిల్ 4 నుంచి భీమవరం కేంద్రమైన పశ్చిమ గోదావరిలో ఉంది. కోర్టుల లెక్కలో మాత్రం జిల్లా కోర్టు ఏలూరే. హైకోర్టు మద్రాసులో ఉండేది, 1954లో గుంటూరొచ్చింది, 1956లో హైదరాబాదు వెళ్లింది, 2019 జనవరి 1 నుంచి అమరావతి. తాతగారి అప్పీలు కాగితం వెతికేవాళ్లు మొదట సంవత్సరం చూసుకోవాలి, తర్వాత రైలెక్కాలి. దానికి తోడు 1917 నాటి రికార్డుల నాశన చట్టం ఒకటుంది. ఏ ఫైలు ఎన్నాళ్లు దాచాలో, ఎప్పుడు తగలెయ్యాలో హైకోర్టు నిబంధనలు పెట్టుకోవచ్చని దాని సారం. అన్నీ శాశ్వతం కావు కాబట్టి పాత దావాలో గెలిచినవాళ్లు డిక్రీ నకలు ఇంట్లో ఉంచుకోవడం మేలు.

పెట్టె: సమాచార హక్కు ఎంతవరకు?

పోలీసు శాఖకు ఆర్టీఐ దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయాల్లో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజులు. ‘దర్యాప్తు నడుస్తోంది’ అన్న ఒక్క మాటతో తిప్పి పంపడం చెల్లదు. సమాచారమిస్తే దర్యాప్తుకు ఎలా అడ్డొస్తుందో చెప్పాలని 2007లో భగత్ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు అంది. ఆ తీర్పు నంబరు అప్పీలులో రాస్తే అవతలివాళ్ల స్వరం కాస్త తగ్గుతుంది. కోర్టు ఫైళ్లకు మాత్రం ఆర్టీఐ పనికిరాదు. నకళ్లకు హైకోర్టు నిబంధనలు ఉన్నప్పుడు ఆ దారినే రావాలని 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

పెట్టె: జైలుశిక్ష పడితే

శిక్ష పడినవారికి తీర్పు నకలు అప్పటికప్పుడు ఉచితంగా ఇవ్వాలి. పాత సీఆర్‌పీసీలో ఇది 363వ సెక్షన్, బీఎన్‌ఎస్‌ఎస్‌లో 404. జడ్జి గారు చదివి వినిపించాక కాగితం అడగడం మర్చిపోయే కుటుంబాలే ఎక్కువ.

పెట్టె: డాలస్ నుంచి ఫోను

అమెరికాలో కౌంటీ కోర్టు క్లర్కు దగ్గరికి ఎవరైనా వెళ్లి, సీలు చెయ్యని కేసు ఫైలు మామూలుగా అడిగి చూడొచ్చు, ‘నీకెందుకు’ అని అడగరు. అక్కడ పౌరసత్వానికి దరఖాస్తు చేసే మనవాళ్లు, ఎప్పుడో అరెస్టయిన కేసుంటే, అది ఎలా ముగిసిందో చెప్పే సర్టిఫైడ్ కాగితం ఆ క్లర్కు దగ్గర్నుంచే తెచ్చుకుంటారు. ఆ అలవాటుతో తణుకు కోర్టుకు ఈమెయిలు పెడితే జవాబు రాదు. ఇక్కడ దావాలో లేనివాళ్లు ఎందుకు కావాలో అఫిడవిట్‌లో చెప్పుకుని కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. చనిపోయిన నాన్న దావాలో కొడుకు పేరు రికార్డుకెక్కకపోతే అతనూ బయటివాడి కిందే లెక్క. అఫిడవిట్ అక్కడి భారత కాన్సులేట్‌లో ప్రమాణం చేసి పంపితే ఇక్కడ వకీలు దరఖాస్తు వేస్తారు. దానికి ముందు అమ్మకు ఫోను చేసి, నాన్న పాత డైరీల్లో ఓ.ఎస్. నంబరు, సంవత్సరం వెతికించి వాట్సాప్‌లో తెప్పించుకోవాలి.