జేబులో పలకా బలపం

2011 సెప్టెంబరు 1న, బెర్లిన్‌లో ఏటా జరిగే ఐఎఫ్ఏ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన వేళ, శామ్‌సంగ్ ఒక ఫోన్‌ను లోకానికి చూపించింది. పేరు గెలాక్సీ నోట్. తెర 5.3 అంగుళాలు. అప్పటి ఐఫోన్ తెర 3.5 అంగుళాలే. శామ్‌సంగ్ వారి సొంత గెలాక్సీ ఎస్2 కూడా 4.3 అంగుళాల దగ్గరే ఆగింది. దాంతో ఇది ఫోనా, టాబ్లెటా అని చాలామంది నవ్వారు. ఇది చెవికి ఆనించుకుంటే పలకే, దానికి తోడు బలపంలా ఒక పెన్ను కూడానూ! ఫోన్, టాబ్లెట్ అనే రెండు మాటలు కలిపేసి ఇలాంటివాటిని 'ఫాబ్లెట్' అన్నారు.

నవ్వడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. అంతకు ముందు ఏడాదే డెల్ కంపెనీ 5 అంగుళాల 'స్ట్రీక్' తెచ్చింది కానీ అది ఎక్కువకాలం నిలవలేదు. ఇక పెన్ను సంగతి మరీ కష్టం. పామ్ పైలట్ లాంటి పాత చేతి కంప్యూటర్లలో తెర మీద రెండు పొరలుండేవి. పుల్లతో నొక్కితే అవి ఒకదానికొకటి తగిలేవి, ఎక్కడ తగిలాయో యంత్రం పసిగట్టేది. 2007లో తొలి ఐఫోన్‌ను చూపిస్తూ స్టీవ్ జాబ్స్ ఆ పుల్లనే ఎగతాళి చేశాడు. వేళ్లుండగా పుల్లెందుకన్నది ఆయన వాదన. నాలుగేళ్లపాటు లోకమంతా ఆ మాటే ఒప్పుకుంది.

మరి శామ్‌సంగ్ పందెం ఏ లెక్క మీద కాసినట్టు? తెర కొలతను మనం మూల నుంచి మూలకు, అంటే కర్ణం పొడవుతో చెబుతాం. 3.5 నుంచి 5.3కు పెరుగుదల ఒకటిన్నర రెట్లే. కంటికి పనికొచ్చేది మాత్రం కర్ణం కాదు, వైశాల్యం. ఐఫోన్ తెర వైశాల్యం సుమారు 5.65 చదరపు అంగుళాలైతే, నోట్‌ది 12.6. అంటే రెండు రెట్ల పైమాటే. వెబ్ పేజీని మాటిమాటికీ పెద్దది చేసుకోనక్కర్లేదు, కీబోర్డు మీద అక్షరాలు వేలికి అందుతాయి. ఇంకో లాభం లోపల ఉంది. తెర పెరిగితే దాని వెనక చోటు పెరుగుతుంది, ఆ చోటులో పెద్ద బ్యాటరీ పడుతుంది. ఐఫోన్ 4ఎస్‌లో 1,432 మిల్లీయాంపియర్-అవర్ బ్యాటరీ ఉంటే నోట్‌లో 2,500 పట్టింది. అదీ వెనక మూత తీసి మనమే మార్చుకోగలిగేది.

తెర సూపర్ అమోలెడ్ రకం. ఎల్‌సీడీలో వెనక నుంచి దీపం నిరంతరం వెలుగుతుంటే, పైనున్న పొర దాన్ని ఆపుతూ వదులుతూ బొమ్మ కడుతుంది. అమోలెడ్‌లో ఏ బిందువుకు ఆ బిందువే వెలుగుతుంది. నలుపు కావాలంటే ఆరిపోతే చాలు. అందుకే నలుపు నిజంగా నల్లగా ఉంటుంది, కరెంటూ మిగులుతుంది. దీనికో బలహీనత ఉంది. వెలుగునిచ్చే సేంద్రియ పదార్థం వాడేకొద్దీ అరుగుతుంది, నీలం తొందరగా అరుగుతుంది. ఒకే గుర్తు నెలల తరబడి ఒకేచోట వెలిగితే అక్కడ మచ్చ మిగిలిపోతుంది.

అసలు నేర్పు పెన్నులో ఉంది. దాని పేరు ఎస్ పెన్. సాంకేతికత జపాన్‌కు చెందిన వాకమ్ కంపెనీది. వేలి స్పర్శను పట్టే ఏర్పాటు ఒకటి తెర మీద ఉండగా, పెన్ను కోసం తెర వెనక సన్నటి తీగచుట్టల బోర్డు మరొకటి పెట్టారు. ఆ బోర్డు క్షణక్షణం అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. పెన్నులో ఉన్న చిన్న తీగచుట్ట, కెపాసిటర్ ఆ క్షేత్రం నుంచే శక్తి తీసుకుని అనునాదం చెందుతాయి, తిరిగి సంకేతం పంపుతాయి. ఏ చుట్టకు ఎంత బలంగా అందిందో చూసి బోర్డు పెన్ను మొన ఎక్కడుందో లెక్కగడుతుంది. మొనను గట్టిగా నొక్కితే అనునాద పౌనఃపున్యం కాస్త మారుతుంది. అలా నొక్కుడులో 256 స్థాయిలను తొలి నోట్ గుర్తించేది, గీత సన్నమో లావో దాన్నిబట్టే. పెన్నులో బ్యాటరీ లేదు, కాబట్టి ఛార్జింగ్ గొడవా లేదు. పామ్ కాలపు పుల్లకూ దీనికీ పోలికే లేదు.

నోట్ భారత్‌లో 2011 నవంబరులో సుమారు 35 వేల రూపాయలకు వచ్చింది. ధర తక్కువేమీ కాదు. అయినా ప్రపంచవ్యాప్తంగా ఏడాది తిరక్కముందే, 2012 ఆగస్టుకల్లా కోటి ఫోన్లు దాటాయని శామ్‌సంగ్ ప్రకటించింది. అదే నెలలో 5.5 అంగుళాల నోట్ 2ను చూపించింది, పెన్ను నొక్కుడు స్థాయిలు 1,024కు చేరాయి. 2014లో ఆపిల్ కూడా 5.5 అంగుళాల ఐఫోన్ 6 ప్లస్ తీసుకురాక తప్పలేదు.

నోట్ వంశానికి పెద్ద దెబ్బ 2016లో తగిలింది. నోట్ 7 బ్యాటరీలు అంటుకున్నాయి. వెనక్కి తీసుకుని వేరే బ్యాటరీలతో ఇచ్చినవీ అంటుకోవడంతో అక్టోబరులో దాన్ని పూర్తిగా ఆపేశారు. మొదటి రకంలో తొడుగులో చోటు చాలక మూలన ఎలక్ట్రోడ్లు వంగాయని, రెండో రకంలో వెల్డింగ్ ముళ్లు లోపలి పొరను చీల్చాయని 2017 జనవరిలో తేల్చారు. 2020 నాటి నోట్ 20తో పేరు ముగిసింది. 2022లో వచ్చిన ఎస్22 అల్ట్రా ఆ పెన్నును తన ఒంట్లోకి తీసుకుంది.

ఇన్నేళ్ల తర్వాత చూస్తే, జనం నవ్విన పెద్ద తెర అందరి ఫోన్లకూ మామూలైపోయింది. కంపెనీ గొప్పగా చెప్పుకున్న పెన్ను కొద్దిమంది దగ్గరే మిగిలింది. మార్చుకునే బ్యాటరీ దాదాపు మాయమైంది. నోట్ గెలిచింది తన పరిమాణంతోనే.

ఫోన్ కొనబోయేవారికి ఈ కథలో ఒక పనికొచ్చే లెక్క ఉంది. 5.3 అంగుళాల తొలి నోట్ వెడల్పు 83 మిల్లీమీటర్లు, 6.8 అంగుళాల ఎస్22 అల్ట్రా వెడల్పు 78 మాత్రమే. తెర చుట్టూ అంచులు తగ్గి, ఫోన్ నిలువుగా సాగడం వల్ల ఇలా జరిగింది. కాబట్టి ప్రకటనలోని అంగుళాలు చూసి ఊరుకోకండి, వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో కూడా చూడండి. చేతిలో పట్టేదీ పట్టనిదీ తేల్చేది అదే.