మీట పంపునది అక్షరము కాదు

కంప్యూటరు కీబోర్డుపై "కె" అను ఇంగ్లీషు అక్షరము ముద్రించియున్న మీటను నొక్కినచో తెరమీద ఆ అక్షరమే కనబడును. భాషను తెలుగునకు మార్చి, అదే మీటను మరల నొక్కినచో "క" కనబడును. మీట మారలేదు; దాని క్రింది తీగలును మారలేదు. మరి మారినది ఏమి? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినవారికి, కీబోర్డును తమ అవసరమునకు తగినట్లు దిద్దుకొను మార్గము కూడ తెలియును.

ముందుగా టైపురైటరును తలచుకొందము. అందు ప్రతి మీటకును ఒక లోహపు కడ్డీ తగిలించబడి యుండును. కడ్డీ చివర అక్షరపు అచ్చు ఉండును. మీటను నొక్కగా కడ్డీ లేచి, సిరా రిబ్బనుపై కొట్టి, కాగితముమీద అక్షరమును ముద్రించును. ఇచ్చట మీటకును అక్షరమునకును గల సంబంధము ఇనుముతో బిగించినది. ఒక అక్షరమును వేఱొక చోటికి మార్చవలెనన్న అచ్చులను ఊడదీసి మరల అతికింపవలెను. అమెరికాలో డ్వోరాక్ అను నాచార్యుడు 1936లో కొత్త అక్షరవరుసకు పేటెంటు పొందెను. కాని దానిని వాడగోరిన వారికి ఆనాడు యంత్రమునే మార్చవలసి వచ్చెడిది.

కంప్యూటరు కీబోర్డు సంగతి వేఱు. దానిలో అడ్డముగను నిలువుగను సన్నని విద్యుత్ మార్గములు వల వలె అల్లుకొని యుండును. ఒక మీటను నొక్కినచో ఒక అడ్డు మార్గమును, ఒక నిలువు మార్గమును కలియును. లోపలి చిన్న చిప్పు ఈ వలను క్షణక్షణమును పరీక్షించుచు, ఏ కూడలిలో స్పర్శ కలిగెనో కనిపెట్టి, ఒక సంఖ్యను మాత్రమే కంప్యూటరునకు పంపును. యు.ఎస్.బి. కీబోర్డులో మన "కె" మీట సంఖ్య 14. మీటపై ముద్రించిన బొమ్మ మన కంటికేగాని యంత్రమునకు తెలియదు.

ఈ 14 అను సంఖ్య "క" ఎట్లగును? లినక్సును ఉదాహరణగా తీసికొందము. బెల్ ప్రయోగశాలలో 1969లో పుట్టిన యూనిక్సు పోలికతో, ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన నిర్వహణ వ్యవస్థ ఇది. దీని మూలభాగమును కెర్నెల్ అందురు. వేర్వేరు రకముల కీబోర్డులు ఒకే మీటకు వేర్వేరు సంఖ్యలను పంపును. కెర్నెల్ వాటినన్నిటిని ఒకే లెక్కకు తెచ్చును. ఆ లెక్కలో మన మీట 37. తరువాత బొమ్మల తెరను నడపు భాగము ఆ సంఖ్యకు 8 కలుపును. ఏలయన దాని పద్ధతిలో మీటల సంఖ్యలు 8 నుండియే ఆరంభమగును. ఇప్పుడు మన మీట 45 అయినది.

చివరకు ఒక పట్టిక వచ్చును. అసలు కీలకము ఇందే కలదు. ఈ పట్టికలో మీటకు "కె" అను పేరైనను లేదు. క్రిందినుండి మూడవ వరుసలో ఎనిమిదవ మీట అని మాత్రమే ఉండును. దానికి ఎదురుగా, ఊరక నొక్కిన ఏ గుర్తు, షిఫ్టుతో నొక్కిన ఏ గుర్తు అని వ్రాసి యుండును. ఇంగ్లీషు పట్టికలో అచ్చట చిన్న "కె", పెద్ద "కె" ఉండును. తెలుగు పట్టికలో అచ్చటనే "క", "ఖ" ఉండును. భాషను మార్చుట అనగా పట్టికను మార్చుటయే.

భారతీయ ప్రమాణముల సంస్థ 1991లో ప్రకటించిన ప్రమాణములో చేరిన ఇన్‌స్క్రిప్ట్ వరుస ఇట్టి పట్టికయే. అందు "డి" మీట పొల్లునిచ్చును. షిఫ్టుతో "అ" నిచ్చును. కావున "అక్క" అని వ్రాయుటకు షిఫ్టుతో "డి", పిదప "కె", "డి", "కె" నొక్కవలెను. హిందీ, కన్నడ పట్టికలలో కూడ "క" ఆ చోటనే యుండును. ఒక లిపిలో వ్రేళ్లకు అబ్బిన అలవాటు మఱియొక లిపిలో వృథాపోదు.

పట్టిక అనునది వట్టి వ్రాతయే గనుక దానిని మనమును దిద్దవచ్చును. పాఠశాలలో ఒక కీబోర్డునందు బ్యాక్‌స్పేస్ మీట చెడిపోయినదనుకొందము. అంతగా వాడని కుడి కంట్రోలు మీటకు ఆ పని నప్పగింపవచ్చును; కీబోర్డును పారవేయ నక్కరలేదు. ఒక చేయి మాత్రమే పనిచేయు విద్యార్థి షిఫ్టును, అక్షరమును ఒక్కసారి నొక్కలేడు. అతనికై షిఫ్టును ముందు నొక్కి విడిచి, తరువాత అక్షరమును నొక్కు ఏర్పాటు కూడ కలదు. దీనిని స్టికీ కీస్ అందురు. ఇట్టి విద్యార్థికి ఇది ముచ్చట కాదు. వ్రాయగలుగుటకును, వ్రాయలేకపోవుటకును గల భేదమే.

ఇక చేయు విధానము. ఎక్స్ విండో పద్ధతిపై నడచు లినక్సులో ఎక్స్‌ఈవ్ అను చిన్న ప్రోగ్రామును నడపి మీటను నొక్కినచో దాని సంఖ్య తెరపై కనబడును. ఆ సంఖ్యకు కొత్త అర్థము నిచ్చుటకు ఎక్స్‌మోడ్‌మ్యాప్ అను ఆజ్ఞ కలదు. పట్టికనే మార్చుటకు సెట్‌ఎక్స్‌కెబిమ్యాప్ అను ఆజ్ఞ కలదు. వేలాండ్ అను కొత్త పద్ధతిలో పట్టికలు ఇవియే యైనను, మార్పులను సాధారణముగా సెట్టింగులలోని కీబోర్డు విభాగము ద్వారా చేయవలెను.

రెండు జాగ్రత్తలు అవసరము. మొదటిది: పై రెండు ఆజ్ఞలతో చేసిన మార్పు లాగౌట్ చేసి మరల ప్రవేశించినచో సాధారణముగా తొలగిపోవును. కావున మొదట ఇట్లు తాత్కాలికముగా పరీక్షించి, సరియని తోచిన పిదపనే స్థిరపరుపవలెను. రెండవది: సంకేతపదములోని అక్షరముల జోలికి పోరాదు. సంకేతపదమును టైపు చేయునపుడు తెరపై అక్షరములకు మారుగా చుక్కలే కనబడును గదా! ఏ మీట ఏ అక్షరమిచ్చుచున్నదో తెలియక, మన యంత్రములోనికి మనమే ప్రవేశింపలేకపోవుదుము. పలువురు వాడు కంప్యూటరైనచో చేసిన మార్పును ఒక చీటిపై వ్రాసి ప్రక్కన అంటించుట మంచిది.

విద్యార్థులు ఒక చిన్న ప్రయోగము చేసి చూడవచ్చును. ఎక్స్‌ఈవ్‌ను నడపి "కె" మీటను ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి నొక్కి, రెండుమార్లును కనబడిన సంఖ్యను వ్రాసికొనుడు. రెండింటను 45 అనియే ఉండును. దాని ప్రక్కనుండు గుర్తు పేరు మాత్రము మారును. కీబోర్డు ఇంగ్లీషు యంత్రమనియు, తెలుగు దానికి తరువాత అతికించినదనియు కొందరు తలంతురు. ఆ సంఖ్యకు ఇంగ్లీషును లేదు, తెలుగును లేదు. రెండు భాషలును దానికి ఎదురుగా వ్రాసికొన్న పట్టికలే.